మిద్దెకూ రోళ్లపాడుకూ ఒకటే బైనాక్యులర్

రాత్రి మిద్దె మీద చుక్కలు చూడాలి, చలికాలంలో రోళ్లపాడు అభయారణ్యానికి పోతే పిట్టలను చూడాలి. రెండింటికీ ఒకటే బైనాక్యులర్ కావాలని కర్నూలులో ఒక షాపుకు పోయాను. "20×50 తీసుకోండి సార్, కొండారెడ్డి బురుజు మీద పావురం కన్ను కూడా కనపడుతుంది" అన్నాడు కుర్రాడు. బయటికి తెచ్చి సెల్ టవర్ వైపు పెడితే టవర్ ఊగిపోతోంది. చేతి వణుకు కూడా ఇరవై రెట్లవుతుంది కదా! స్టాండు లేకుండా పట్టుకునేదానికి పది రెట్లు దాటితే తలనొప్పే.

20×50లో మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది. రెండో అంకె ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. దాన్ని మొదటి అంకెతో భాగిస్తే కంటికి అందే వెలుగు వెడల్పు వస్తుంది. 7×50కి అది 7 మి.మీ. కుర్రవాళ్ల కంటిపాప చీకట్లో అంత తెరుచుకుంటుంది. యాభైకి దగ్గరపడ్డ నాకు 5 తెరుచుకుంటే గొప్ప, మిగతాది దండగ. 10×50కి లెక్క సరిపోతుంది గానీ, ఇంచుమించు కిలో బరువు మెడకు వేసుకుని ఎండలో ఎవరు తిరుగుతారు? 8×42 దగ్గర ఆగాను.

నాకు కళ్లజోడు ఉంది కాబట్టి ఐ రిలీఫ్ (దృశ్యం మొత్తం కనపడుతూ కన్ను అద్దానికి ఎంత ఎడంగా ఉండొచ్చో ఆ దూరం) 15 మి.మీ.కి తగ్గకుండా చూసుకున్నాను. చేయి చాపి పట్టుకుని ఆకాశం వైపు పెడితే, కన్ను పెట్టే అద్దంలో వెలుగు బిళ్ల గుండ్రంగా కనిపించాలి. అంచులు పలకగా తెగితే లోపలి పట్టకాలు చవకవి. ఎర్రగా మెరిసే అద్దాలవి ముట్టుకోనే లేదు.

ఇంటికొచ్చాక కుడివైపు మూసి ఎడమ కంటికి మధ్య చక్రంతో, తర్వాత ఎడమవైపు మూసి కుడి కంటికి దాని రింగుతో సరిచేశాను. ఆ రింగును మళ్లీ కదపలేదు.

నిలబడి చూస్తే గురుగ్రహం గీతలు గీతలుగా పోతుంది. నవారు మంచం మీద వెల్లకిలా పడుకుని మోచేతులు పక్కటెముకలకు ఆనించాకే దాని పక్కన ఉపగ్రహాలు చిన్న చుక్కలుగా నిలిచాయి. పిల్లలకోడి (కృత్తికలు) గుంపులో ఉత్త కంటికి చుక్కలు ఆరో ఏడో, ఇందులో డజన్లు. చంద్రుణ్ణి పున్నమికి కాదు, అష్టమి దాపున చూడాలి. వెలుగూ చీకటీ కలిసేచోట గుంతల నీడలు బాగా తేలతాయి.

రోళ్లపాడులో పని పొద్దున్నే, లేదంటే సాయంత్రమే. ఎండెక్కితే నేల సెగకు దూరపు కృష్ణజింక నీళ్లలో ఉన్నట్టు అల్లాడుతుంది. ఎంత ఖరీదైన అద్దమూ దానికి మందు కాదు. సాయంత్రం గడ్డి మీద తక్కువ ఎత్తులో తిరిగే హారియర్ గద్దలను వెంబడించడానికి 8×42 చక్కగా కుదిరింది. ఒక్కటే జాగ్రత్త: గద్ద వెంట తిప్పుతూ పోతే దారిలో సూర్యుడు తగలొచ్చు, క్షణం చూసినా కంటికి ప్రమాదం. గద్ద అటు పోతే వదిలేస్తాను.