నల్ల సూటు ప్రకృతి కుట్టినదేనా?

పెద్ద విందుల్లో, పురస్కార సభల్లో పురుషులందరూ దాదాపు ఒకే నల్ల సూటులో కనిపిస్తారు. స్త్రీల దుస్తులు మాత్రం రంగులోనూ తీరులోనూ ఒకదానితో ఒకటి కలవవు. అలంకారంపై మక్కువ స్త్రీకి పుట్టుకతోనే వస్తుందని, ఈ తేడాకు అదే కారణమని గట్టిగా వాదించేవారున్నారు. చరిత్ర ఆ వాదనకు అనుకూలంగా లేదు.

1701లో రిగో చిత్రించిన ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీని చూడండి: ఎర్ర మడమల బూట్లు, కాళ్లను ప్రదర్శించే పట్టు మేజోళ్లు, లేసు, భుజాల మీదికి జారే విగ్గు. అవన్నీ ఆనాటి పురుష వైభవానికే గుర్తులు. ఆ శతాబ్దం చివరికి పరిస్థితి తిరగబడింది. ఫ్రెంచి విప్లవం తరువాత పట్టు, జరీ కులీనుల దర్పాన్ని గుర్తుచేసే వస్తువులయ్యాయి. వ్యాపారులు, న్యాయవాదులు తమ విలువ పుట్టుకలో కాక పనిలో ఉందని చాటుకోవడానికి ముదురు రంగు ఉన్ని కోటును ఆశ్రయించారు. లండన్‌లో వేషధారణకు పేరుపడ్డ బ్యూ బ్రమ్మెల్ ఆ నిరాడంబరతనే సొగసుగా మార్చాడు. దానికోసం అద్దం ముందు ఆయన గంటలు గడిపేవాడన్నది వేరే సంగతి. ఈ మార్పును మనస్తత్వవేత్త ఫ్లూగెల్ 1930లో ‘పురుషుల మహా పరిత్యాగం’ అన్నాడు.

అయితే పురుషులు వదిలిన ఆడంబరం మాయం కాలేదు, ఇంటి స్త్రీల మీదికి చేరింది. భర్త సంపదను భార్య దుస్తులు ప్రదర్శిస్తాయని ఆర్థికవేత్త థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే రాశాడు. ఈ క్రమంలో స్త్రీలు జేబులనూ కోల్పోయారు: వెడల్పాటి గౌన్ల కింద నడుముకు కట్టుకునే సంచులు సన్నని గౌన్లలో ఇమడక, చేతిసంచి వాటి స్థానంలోకి వచ్చింది.

దేహానికి పాత్రే లేదనడం లేదు. భుజాల వెడల్పు, నడుముకూ తుంటికీ ఉన్న తేడా, వక్షం కొలత కత్తిరింపును నిర్ణయిస్తాయి. కానీ దేహం మాటే చెల్లితే ఫలితం తారుమారు కావాలి. విశ్రాంతిలో ఉన్నప్పుడు సగటు పురుషుడి శరీరం సగటు స్త్రీ శరీరం కంటే ఎక్కువ వేడి పుట్టిస్తుంది. అయినా మెడదాకా గుండీలు పెట్టుకుని పైన కోటు తొడిగేది అతడు, భుజాలు కప్పని గౌనులో వణికేది ఆమె. పైగా కార్యాలయాల ఉష్ణోగ్రతా ప్రమాణాలు పురుషుడి జీవక్రియ రేటు మీద ఆధారపడ్డాయని 2015లో వెలువడిన ఒక పరిశోధన చూపింది.

స్త్రీలు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల అనుమతి ఉండాలని 1800లో పారిస్‌లో ఉత్తర్వు వెలువడింది. అది ఇక చెల్లదని ఫ్రెంచి ప్రభుత్వం 2013లో ప్రకటించింది. సహజమైన అభిరుచికి పోలీసు కాపలా ఎందుకో నాకు బోధపడదు. 1966లో ఫ్రెంచి దుస్తుల రూపకర్త ఈవ్ సాన్ లోరాన్ పురుషుల విందు సూటైన టక్సీడోను స్త్రీల కోసం రూపొందించాడు, అది నిలిచింది. పురుషుల గౌను మాత్రం ఇప్పటికీ వార్తే అవుతుంది, ఎందుకంటే అధికారం ఉన్నవారి దుస్తులను అనుకరిస్తే గౌరవం, లేనివారివి అనుకరిస్తే పరిహాసం ఎదురవుతాయి.