ఈఆర్‌సీ స్టార్టింగ్ గ్రాంట్: పాతపట్నం నుంచి నా ప్రిపరేషన్

రిజల్ట్ వచ్చింది. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్ళ స్టార్టింగ్ గ్రాంట్‌కి ఎంపికయ్యాను. ఐదేళ్ళపాటు యూరప్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో సవర అనే ఆదివాసీ భాష మీద పనిచేసే పరిశోధన బృందాన్ని నడపబోతున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత భాషాశాస్త్రంలో ఎంఏ, పీహెచ్‌డీ. మనవాళ్ళలో హ్యుమానిటీస్ చదివినవాళ్ళు నెట్, జేఆర్‌ఎఫ్, ఆపైన అసిస్టెంట్ ప్రొఫెసర్ నోటిఫికేషన్ దగ్గర ఆగిపోతుంటారు. సొంతంగా ఒక బృందాన్ని కట్టుకుని, ఐదేళ్ళు ఒకే ప్రశ్న మీద కూర్చునే అవకాశం మనకీ ఉందని చెప్పడానికి ఇది రాస్తున్నాను. గర్వంగానే రాస్తున్నాను.

ముందు రూల్స్ తొందరగా చెప్పేస్తాను. ఏ దేశం వాళ్ళైనా రాయొచ్చు. మీకు చోటిచ్చే హోస్ట్ సంస్థ మాత్రం ఈయూలోనో, ఈ నిధుల కార్యక్రమంలో ఒప్పందంతో చేరిన అనుబంధ దేశంలోనో ఉండాలి, వాళ్ళ సపోర్ట్ లెటర్ కావాలి. నేను రాసిన కాల్‌లో, అంటే ఆ ఏడాది దరఖాస్తుల పిలుపులో, పీహెచ్‌డీ వచ్చి 2 నుంచి 7 ఏళ్ళ మధ్య ఉన్నవాళ్ళు అర్హులు. మామూలుగా 15 లక్షల యూరోల వరకు, ఐదేళ్ళకు ఇస్తారు. ఎంపికకు కొలమానం ఒక్కటే, పరిశోధన నాణ్యత. 2025 ఫలితాల్లో 3,928 దరఖాస్తులకు 478 మంది ఎంపికయ్యారు. ఆ అంకె చూసి కంగారు పడొద్దు, మన గ్రూప్స్ నిష్పత్తితో పోలిస్తే ఇది చాలా నయం. అర్హత ఏళ్ళు, పేజీల లెక్క, ఫార్మాట్ మారుతుంటాయి. పాత పీడీఎఫ్‌లు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి, వాటిని నమ్మకుండా మీరు రాసే సంవత్సరం ఈఆర్‌సీ నియమాల పత్రం, వర్క్ ప్రోగ్రామే చదవండి.

ఇప్పుడు అసలు విషయం. అంతకుముందు రాసినప్పుడు నాకు మొదటి దశలోనే బీ గ్రేడు వచ్చింది. అప్పటి రూల్ ప్రకారం మొదటి దశలో బీ వస్తే తర్వాతి కాల్‌కి రాయనిచ్చేవారు కాదు, సీ వస్తే రెండు కాల్స్ పోయేవి. అది సవర ధ్వనుల మీద రాసిన ప్రాజెక్టు, భాషాశాస్త్రాన్ని చూసే ఎస్‌హెచ్4 అనే నిపుణుల ప్యానెల్‌కి. ఆ ప్రాజెక్టు మంచిదేనని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. సవరలో గొంతు దగ్గర ఆగిపోయే శబ్దాల మీద అంత వివరంగా ఫీల్డ్ డేటా తెచ్చినవాళ్ళు తక్కువ. ఆ పని తర్వాత నేనొక్కదాన్నే చేసి వ్యాసాలుగా అచ్చువేశాను. రివ్యూయర్లు నాణ్యతను తప్పుపట్టలేదు. వాళ్ళ అనుమానమల్లా దీనికి టీం దేనికన్నదే. పీహెచ్‌డీ విద్యార్థులు ఇద్దరు, పీహెచ్‌డీ అయిన పరిశోధకుడు, అంటే పోస్ట్‌డాక్ ఒకరు ఉండాలని బడ్జెట్‌లో వేశాను, కానీ వాళ్ళు చేసేది నా పనిలో భాగాలే.

స్టార్టింగ్ గ్రాంట్ ఒక్క మనిషి పేరు మీదే వస్తుంది, కానీ దానితో నడిచేది బృందం. ఈ రెండింటి మధ్య చాలామంది దరఖాస్తులు ఇరుక్కుంటాయి. మీ ప్రశ్నలోనే బృందం అవసరం కనిపించాలి. నేను ఇప్పుడు అందరికీ చెప్పే పరీక్ష ఇది: మీ ప్లాన్‌లోంచి ఒక మనిషిని తీసేసి చూడండి. మిగతావాళ్ళ పని ఏ ఇబ్బందీ లేకుండా సాగిపోతే అది టీం కాదు, జీతాల పట్టిక.

నాకు ఆ ప్రశ్న ఎక్కడ దొరికిందో చెప్తాను. రాయడానికి వీల్లేని ఆ మధ్యకాలంలో ఇంటికొచ్చి పాతపట్నంలో ఉన్నాను. మా ఊరికి పర్లాకిమిడి పక్కనే. ఇటు ఆంధ్ర, అటు ఒడిశా. నౌపడ నుంచి గుణుపూర్ వెళ్ళే రైలు టెక్కలి, పాతపట్నం మీదుగానే పర్లాకిమిడి దాటుతుంది. ఆ లైను పొడవునా, రెండు వైపులా కొండల్లో సవరలు ఉన్నారు. సవర ముండా భాష. ఇటు చుట్టూ ఉన్నది ద్రావిడ భాష, అటు ఇండో ఆర్యన్ భాష. మెళియాపుట్టి వైపు నాతో ఫీల్డ్‌లో తిరిగే ఒక సవర మాస్టారు ఉన్నారు. పాటలు రికార్డు చేస్తుంటే ఒకరోజు ఆయన మామూలుగా అన్నారు: “మేడం, నేను ఈ పాట రాసుకోవాలంటే తెలుగులో రాస్తాను. గుణుపూర్ అవతల మా మావ ఒడియాలో రాస్తాడు. వాళ్ళూళ్ళో చర్చికి పోయేవాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. మా మావ తమ్ముడైతే అక్షరాలకే పూజ చేస్తాడు, ఆ అక్షరాల్లో రాస్తాడు. పాడేటప్పుడు మాత్రం అందరం ఒకటే పాట పాడతాం.”

ఆ చివరిది సొరంగ్ సొంపెంగ్. 1936లో మాంగే గొమాంగో రూపొందించిన లిపి, దాని చుట్టూ ఒక ఆరాధనా సంప్రదాయం ఉంది. 2012లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. ఇదంతా నాకు ముందే తెలుసు, సవర మీద పనిచేసే ప్రతివాళ్ళకీ తెలుసు. కానీ ఆ రాత్రి ఇంటికొచ్చి, ఏ లిపి ఎప్పుడు వచ్చిందో ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాను. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకోవడం, ఆయన వ్యాకరణం, నిఘంటువు 1930లలో మద్రాసులో అచ్చవడం ఒక వరస. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడడం, పర్లాకిమిడి అటు వెళ్ళడం, పాతపట్నం ఇటు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోవడం ఇంకో వరస. దాని కింద సొరంగ్ సొంపెంగ్, 1936. ఒకే సంవత్సరం.

సవరలు తిరిగే కొండల మధ్య గీత పడిన ఏడాదే సవరలకు సొంత లిపి వచ్చింది. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో తేల్చాలంటే ఏం కావాలి? ఒరిస్సా రాష్ట్ర ఏర్పాటు కాగితాలు చదవగలిగే చరిత్రకారులు కావాలి, ఒడియా తెలిసినవాళ్ళు. మిషనరీల ఉత్తరాలు, రోమన్ లిపిలో అచ్చేసిన ప్రార్థన పుస్తకాలు చూసేవాళ్ళు కావాలి. లిపి ఆరాధన ఉన్న ఊళ్ళో కొన్నాళ్ళు ఉండి, వాళ్ళ నమ్మకాన్ని గౌరవంగా అర్థం చేసుకునే మానవశాస్త్రజ్ఞులు కావాలి. ఏ లిపిలో ఏ శబ్దం రాయకుండా పోయిందో చెప్పడానికి నేను కావాలి. గొంతులో ఆగే ఆ శబ్దానికి తెలుగులో అక్షరమే లేదు, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ బడుల్లో వాడిన సవర వాచకాల్లో ఏంచేశారో చూస్తే ఎవరి ఉచ్చారణను ప్రామాణికంగా తీసుకున్నారో తెలుస్తుంది. అన్నిటికన్నా ముందు, నాలుగు లిపుల వాళ్ళ ఇళ్ళకూ చుట్టరికంతో వెళ్ళగలిగే మాస్టారు లాంటి మనిషి కావాలి. ఇందులో ఎవరిని తీసేసినా ప్రశ్న కూలిపోతుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మ లేచి వచ్చి “ఓలమ్మా, ఈ టైములో ఏటి రాస్తున్నావే” అంటే, ప్రాజెక్టు దొరికిందమ్మా అన్నాను.

తర్వాత రాత పని. ప్యానెల్ ఎస్‌హెచ్8కి మార్చాను. ఎస్‌హెచ్8లో సంస్కృతుల మీద, కళల మీద పనిచేసేవాళ్ళు ఉంటారు, చరిత్రకి ఎస్‌హెచ్6 ఉంది. ప్రశ్న రెండింటిమీదా ఆనుకున్నప్పుడు, మీ జవాబు ఎవరిని ఎక్కువ ఆశ్చర్యపరుస్తుందో ఆ ప్యానెల్ ఎంచుకోండి. మొదటి దశలో ప్యానెల్ చదివేది దరఖాస్తులో బీ1 అనే చిన్న భాగం, అందులో ప్రాజెక్టుకి ఉన్నది 5 పేజీలు. రెండో దశలో చదివే వివరమైన భాగం బీ2లో మీరెంత గొప్ప పద్ధతి రాసినా బీ1 దాటకపోతే అది ఎవరూ తెరవరు. నా మొదటి పేజీలో సిద్ధాంతం లేదు. ఒకే పాట, నాలుగు లిపులు, 1936, ఇవే ఉన్నాయి. టీం మొత్తం పనిచేసేది ఒకే సామగ్రి మీదని రెండో పేజీలోనే చెప్పాను. అవే పాటలు నాలుగు చోట్లా రాయించి, ఆ రాతలను పక్కపక్కన పెట్టి నలుగురు నాలుగు వైపుల నుంచి చదువుతారు. “ఇంటర్‌డిసిప్లినరీ” అనే మాట ఎన్నిసార్లు వాడినా రాని నమ్మకం ఇలా ఒక్క పట్టికతో వస్తుంది.

బడ్జెట్‌లో ఎక్కువ భాగం మనుషుల జీతాలే, దాని గురించి మొహమాటపడొద్దు. ఎథిక్స్ ఫారం మాత్రం చివరి రోజుకి వదిలేయకండి. మనవాళ్ళు దీన్ని సంతకాల వ్యవహారం అనుకుంటారు. పూజల్లో పాడే పాట రికార్డు చేస్తే అది ఎవరిది, ఎక్కడ దాస్తారు, ఎవరు వినొచ్చు, ఈయూ బయట సేకరించిన డేటా ఎలా తీసుకెళ్తారు, ఇవన్నీ అడుగుతారు. అడగాల్సిందే. వందేళ్ళుగా సవరల దగ్గర నుంచి తీసుకెళ్ళినవాళ్ళే ఎక్కువ.

గడువు సాధారణంగా అక్టోబరులో, బ్రస్సెల్స్ టైం సాయంత్రం 5 గంటలకు ఉంటుంది. అంటే మనకి రాత్రి 8:30. అక్టోబరు మన జిల్లాకి తుపాన్ల నెల. 2018లో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు, నెట్ ఎన్నాళ్ళు లేవో ఉద్దానం వాళ్ళని అడగండి. గడువు లోపల ఎన్నిసార్లైనా మళ్ళీ సబ్మిట్ చేయొచ్చు, చివరిది లెక్కలోకి వస్తుంది. కాబట్టి ముందే ఒక కాపీ పంపేసి, తర్వాత మెరుగుపరుచుకోండి. హోస్ట్ దేశంలో నేషనల్ కాంటాక్ట్ పాయింట్ ఉంటుంది, వాళ్ళు ఉచితంగా సాయం చేస్తారు. పరిశోధకులకు సమాచారమిచ్చే యూరప్ వేదిక యూరాక్సెస్ ఇండియా వెబినార్లు కూడా చూడండి.

ఇంటర్వ్యూకి నేను మాక్‌లు చేసింది నా రంగం వాళ్ళతో కాదు. ప్యానెల్‌లో మీ సబ్జెక్టు తెలిసినవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు, మిగతావాళ్ళు నాటకాల మీద, చిత్రకళ మీద పనిచేసేవాళ్ళు. అందుకే డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్న మా తమ్ముడి ముందు కూర్చున్నాను. వాడు మొహమాటం లేకుండా అడిగేవాడు: “అక్కా, ఇది ఒడియా వచ్చినవాళ్ళు చెయ్యొచ్చు కదా, నువ్వెందుకు?” ఇంటర్వ్యూలో సరిగ్గా అదే వచ్చింది, కాస్త మర్యాదగా. మీరు భాషావేత్త, ఆర్కైవ్ పని చేసే పోస్ట్‌డాక్‌ని ఎలా పర్యవేక్షిస్తారని అడిగారు. ఆర్కైవ్‌లో ఆయనకి నేను నేర్పేదేమీ లేదు, కానీ ఆయనకి దొరికిన కాగితంలో సవర పేరు ఏ లిపి అలవాటుతో రాశారో చెప్పగలిగేది నేనే, అక్కడి నుంచే మా ఇద్దరి వ్యాసం మొదలవుతుంది అన్నాను. నాయకత్వం అంటే అందరికన్నా ఎక్కువ తెలియడం అనుకుంటే ఈ గ్రాంట్ రాయడం కష్టం.

క్రమశిక్షణ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. తెలుగు, భాషాశాస్త్రం, చరిత్ర చదివినవాళ్ళని మన ఇళ్ళల్లో ఇంకా జాలిగా చూస్తారు. నేను ఇంటికొచ్చి కూర్చున్నప్పుడు, ఉద్యోగం పోయిందా అని అడిగిన చుట్టాలున్నారు. వాళ్ళకి జవాబు చెప్పలేదు. రోజూ పొద్దున్నే లేచి, ఫోన్ పక్కగదిలో పెట్టి, మధ్యాహ్నం దాకా రాసేదాన్ని. రాయడానికి ఏమీ లేని రోజు కూడా కుర్చీలో కూర్చున్నాను. పెద్ద నగరంలో, పెద్ద లైబ్రరీ పక్కన ఉంటేనే పరిశోధన సాగుతుందని నాతో చాలామంది వాదించారు. శ్రీకాకుళంలో కథకులు కాళీపట్నం రామారావు గారు, మన కారా మాస్టారు, 1997లో స్థాపించిన కథల గ్రంథాలయం కథానిలయం ఏ విశ్వవిద్యాలయమూ కట్టింది కాదు. తెలుగు కథ మీద పనిచేసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తున్నారు. నా ప్రశ్న కూడా బ్రస్సెల్స్‌లో దొరికేది కాదు, పర్లాకిమిడి పక్కన ఉండబట్టే దొరికింది. మీరున్న చోటుని మీ దరఖాస్తులో లోపంలా రాయకండి, ఫీల్డ్ పక్కనే పుట్టిపెరిగినవాళ్ళకి తెలిసేవి చాలా ఉంటాయి, వాటిని ట్రాక్ రికార్డులో ధైర్యంగా పెట్టండి.

ప్రస్తుతం గ్రాంట్ ఒప్పందం పని నడుస్తోంది. హోస్ట్ విశ్వవిద్యాలయంతో నేను గట్టిగా మాట్లాడుతున్నది మాస్టారి గురించి. ఆయనకి పీహెచ్‌డీ లేదు కాబట్టి ‘ఇన్‌ఫార్మెంట్’ (సమాచారం ఇచ్చే మనిషి) కింద రోజు లెక్కన ఇద్దామంటున్నారు. ఆయన్ని పరిశోధకుడిగా నియమించాలని, వ్యాసాల మీద ఆయన పేరు ఉండాలని, రికార్డింగుల ఒక కాపీ కొండ మీద ఊళ్ళకే చెందాలని బీ2లో రాశాను, ప్యానెల్ దాన్ని మెచ్చుకుంది కూడా. రాసినది రాసినట్టు జరగాలి. మీలో ఎవరైనా ఫీల్డ్‌లో సహకరించే మనుషులతో దరఖాస్తు రాస్తుంటే, వాళ్ళ హోదా, జీతం ఏ పద్దు కింద వస్తాయో హోస్ట్ గ్రాంట్స్ ఆఫీసు చేత సబ్మిట్ చేయకముందే రాతపూర్వకంగా చెప్పించుకోండి. పీహెచ్‌డీ పోస్టుల ప్రకటన ఒప్పందం అయ్యాక వస్తుంది. ఒడియా, తెలుగు రెండూ చదవగలిగేవాళ్ళు ఇప్పటినుంచే ఒక రీసెర్చ్ ప్రపోజల్ సిద్ధం చేసుకోండి, సవర కూడా వచ్చినవాళ్ళు ఉంటే తప్పకుండా రాయండి.