జిమ్‌లో ఇంజెక్షన్లు వేసుకుంటున్న తమ్ముళ్లూ, ముందు సీబీపీ చేయించుకోండి

ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున ఏడు గంటలకి ల్యాబు షట్టరు ఎత్తుదామని వెళ్లేసరికి మా తమ్ముడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తమ్ముడంటే మా పిన్ని కొడుకు. ఇరవై ఆరేళ్లు, పటమటలో ఉంటాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ ఫోల్డరు. "అక్కా, ఇది ఒక్కసారి చూడవా. అమ్మకి మాత్రం చెప్పకు" అన్నాడు.

నేను బెజవాడ సూర్యారావుపేటలో పద్నాలుగేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. డాక్టర్ని కాను. రక్తం తీయడం, పరీక్ష చేయడం, ఏ అంకె చూసి ఉలిక్కిపడాలో గుర్తుపట్టడం నా పని. ఈ పోస్టు ఆ పరిధిలోనే రాస్తున్నాను. కండలు పెంచే స్టెరాయిడ్లు వాడమని నేను ఎవరికీ చెప్పను. కానీ ఇప్పటికే వాడుతున్న పిల్లలు నా కళ్ల ముందే చాలామంది ఉన్నారు. పరీక్షల కోసం వాళ్లు పెట్టే డబ్బు ఎటు పోతోందో చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది.

ఫోల్డర్లో పద్నాలుగు పేజీల రిపోర్టు. ఫోన్లో చూసి బుక్ చేసుకున్న ప్యాకేజీ అట. 82 టెస్టులు, 4,200 రూపాయలు. ఈ 82 అనే లెక్క ఎలా వస్తుందో ముందు చెప్పాలి. సీబీపీ (కంప్లీట్ బ్లడ్ పిక్చర్) అనే ఒక్క రక్తపరీక్షలోనే హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ విడివిడిగా లెక్కపెడితే ఇరవై దాటతాయి. లివర్‌కి పదీ పదకొండు, కొలెస్ట్రాల్‌కి ఎనిమిదో తొమ్మిదో. అలా నాలుగైదు మామూలు పరీక్షలే యాభై అరవై టెస్టులైపోతాయి. మిగతావి విటమిన్ డి, బి12, థైరాయిడ్, ఐరన్. మా వాడు అసలు తెలుసుకోవాలనుకున్న హార్మోన్లలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఒక్కటే ఉంది. అది కూడా '1500 కన్నా ఎక్కువ' అని వచ్చింది. అంటే మెషిన్ కొలవగలిగిన హద్దు దాటిపోయిందని. వాడు అది చూసి మందు ఒరిజినలే అని సంతోషపడ్డాడట.

నేను చూసింది మూడో పేజీ. సీబీపీలో పీసీవీ అనే వరుస ఉంటుంది. హెమటోక్రిట్ అన్నా అదే, రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతమో చెప్పేది. అక్కడ 55.8 అని ఉంది, పక్కన చిన్న నక్షత్రం గుర్తు. అంతే. ఆ ల్యాబు నుంచి ఒక్క ఫోన్ కూడా రాలేదు.

అప్పుడు అడిగితే చెప్పాడు. జిల్లా పోటీలకని మూడు నెలలుగా వారానికి రెండు టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, చివరి నెల స్టానొజొలాల్ అనే స్టెరాయిడ్ మాత్రలు. ఎవరు రాసిచ్చారంటే జిమ్‌లో అన్న. నాకు చాలా కోపం వచ్చింది. కానీ అప్పుడు తిడితే వాడు మళ్లీ మెట్లెక్కడు. అందుకే చెయ్యి చాపమన్నాను.

మా ల్యాబులో పాత హెమటోక్రిట్ సెంట్రిఫ్యూజ్ ఒకటి ఇంకా పనిచేస్తోంది. అగ్గిపుల్లకన్నా సన్నని గాజు గొట్టంలోకి రక్తం ఎక్కించి, ఒక కొస మైనంలాంటి మట్టితో మూసి, అందులో పెట్టి ఐదు నిమిషాలు తిప్పుతాం. బయటకి తీస్తే రక్తం పొరలుగా విడిపోయి ఉంటుంది. అడుగున చిక్కటి ఎరుపు, దాని మీద వెంట్రుకవాసంత తెల్లటి గీత, పైన గడ్డి రంగులో నీళ్లలాంటి ప్లాస్మా. మామూలు మగవాళ్లకి ఆ ఎరుపు గొట్టంలో సగానికి కాస్త దిగువనే ఆగుతుంది. మా వాడి గొట్టం కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. ఎరుపు సగం దాటి పైకి పోయింది. స్కేలు మీద 56. వాడి చేతికిచ్చి "ఇదిగో నీ రక్తం, ఇంత చిక్కబడింది" అన్నాను. పద్నాలుగు పేజీలు చూసినప్పుడు కలగని భయం ఆ గొట్టం చూశాక వాడి ముఖంలో కనిపించింది.

టెస్టోస్టిరాన్ ఎక్కువైతే ఎముక మజ్జ ఎర్రకణాలు ఎక్కువ తయారుచేస్తుంది. రక్తం చిక్కబడితే గుండె మీద భారం పెరుగుతుంది, గడ్డలు కట్టే ప్రమాదం ఉంటుంది. నిజంగా లోపం ఉండి డాక్టరు రాస్తే టెస్టోస్టిరాన్ తీసుకునే పేషెంట్లకి కూడా పీసీవీ 54 దాటితే మందు ఆపేయాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఆ హద్దు దాటారో లేదో చెప్పే సీబీపీకి మా వీధిలో అయ్యే ఖర్చు 250 రూపాయలు. డాక్టరు రాస్తే ప్రభుత్వాసుపత్రిలో అదీ అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. బెజవాడ ఎండల్లో జిమ్ చేసి, చెమటలు కారుతూ నీళ్లు తాగకుండా వచ్చి రక్తం ఇస్తే పీసీవీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పరగడుపున అంటే మంచినీళ్లు కూడా మానేయమని కాదు. ముందు రోజు వర్కవుట్ ఆపి, పొద్దున రెండు గ్లాసుల నీళ్లు తాగి రండి.

సీబీపీ తర్వాత నేను డబ్బు పెట్టమనేది లిపిడ్ ప్రొఫైల్‌కి, అంటే కొలెస్ట్రాల్ పరీక్షకి. 400 రూపాయలు. స్టెరాయిడ్లు, ముఖ్యంగా మాత్రల రూపంలో వేసుకునేవి, మంచి కొలెస్ట్రాల్‌ని దారుణంగా పడగొడతాయి. మగవాళ్లకి ఆ మంచి కొలెస్ట్రాల్, అంటే హెచ్‌డీఎల్, 40 పైన ఉండాలి. మా వాడికి 19. బయటకి చూస్తే ఛాతీ, భుజాలు పోస్టర్ మీద బొమ్మలా ఉన్నాయి. లోపల అంకె చూస్తే అరవై ఏళ్ల హార్ట్ పేషెంట్ల రిపోర్టుల్లో కూడా నేను అరుదుగా చూసేది.

లివర్ పరీక్ష దగ్గర పిల్లలు రెండు రకాలుగా పొరబడుతున్నారు. బరువులు ఎత్తేవాళ్లకి కండరాలు నలిగి ఆ పరీక్షలో కనిపించే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు రెండూ పెరుగుతాయి. కొందరు దాన్ని చూసి లివర్ పోయిందని ఏడుస్తారు. ఇంకొందరు నిజంగా లివర్ దెబ్బతిన్నా "జిమ్ చేస్తే అంతేలే" అని వదిలేస్తారు. అందుకే జీజీటీ అనే ఇంకో ఎంజైము కూడా ఉన్న ఎల్ఎఫ్‌టీ (లివర్ పరీక్ష) అడగండి. కండరం నలిగితే జీజీటీ పెరగదు. అది, దాంతోపాటు బిలిరుబిన్ పెరిగాయంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. కిడ్నీల కోసం చూసే క్రియాటినిన్ కూడా అంతే. కండ ఎక్కువున్నవాళ్లకి, క్రియాటిన్ పౌడర్ తాగేవాళ్లకి కొంచెం ఎక్కువగానే కనిపిస్తుంది. ఏం తాగుతున్నారో డాక్టరుకి చెప్పకపోతే ఆ అంకెకి అర్థం లేదు. బీపీ చూసుకోవడానికి రక్తమే అక్కర్లేదు. వారానికోసారి చూసి రాసుకోండి.

ఇక హార్మోన్లు. ఇంజెక్షన్లు నడుస్తుండగా టెస్టోస్టిరాన్ కొలిపించుకుంటే మీరు సిరంజిలో ఎక్కించుకున్నదే మళ్లీ కాగితం మీద కనిపిస్తుంది. నా దృష్టిలో అది దండగ ఖర్చు. అది నిజంగా పనికొచ్చేది రెండు సమయాల్లో. మొదటిది, ఏదీ మొదలుపెట్టకముందు. ఈ రిపోర్టు ఎవరి దగ్గరా ఉండదు. మా వాడి దగ్గరా లేదు. అసలు వాడికి సహజంగా ఎంత ఉండేదో ఇప్పుడు దేవుడికే తెలియాలి. రెండోది, మానేశాక. బయటి నుంచి హార్మోన్ వస్తోందని తెలిస్తే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి తన పని ఆపేస్తుంది. అది వృషణాలకి పంపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు రెండూ అడుగంటుతాయి. వృషణాలకి కబురందక టెస్టోస్టిరాన్ తయారవదు, వీర్యకణాలూ తగ్గిపోతాయి. కాబట్టి మానేశాక ఈ మూడూ కలిపి చూడాలి. మా దగ్గర మూడింటికీ కలిపి 1,200 అవుతుంది.

పొద్దున ఏడు నుంచి పది లోపు, పరగడుపున రండి. మగవాళ్లకి టెస్టోస్టిరాన్ తెల్లవారే వేళ ఎక్కువ, సాయంత్రానికి తగ్గుతుంది, తిన్నాక కూడా తగ్గుతుంది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి ఇచ్చి, తక్కువొచ్చిందని టెన్షన్ పడి, మళ్లీ డబ్బు కట్టినవాళ్లు ఎందరో. జుట్టు ఊడుతోందని బయోటిన్ బిళ్లలు వేసుకునేవాళ్లు రెండు మూడు రోజుల ముందే ఆపాలి. కొన్ని మెషిన్లలో బయోటిన్ వల్ల టెస్టోస్టిరాన్ లేనిపోనిది ఎక్కువగా, ఎల్‌హెచ్ తక్కువగా వస్తాయి. కౌంటర్లో ఎవరూ అడగరు, మీరే చెప్పాలి.

యూనిట్లు కూడా చూసుకోండి. మా వాడి ఫ్రెండు ఒకడు రాత్రి పదకొండుకి ఫోన్ చేశాడు, "అక్కా, నాది నాలుగే వచ్చింది, మూడొందలు ఉండాలట కదా" అని. వాడి ల్యాబు మిల్లీలీటరుకి లెక్కగట్టింది, వాడు చదివింది డెసిలీటరు లెక్క. వందతో గుణిస్తే 400. ఇందుకే ప్రతిసారీ ఒకే ల్యాబులో, ఒకే వేళకి ఇవ్వమంటాను. ఎక్కడ తగ్గింపు ఉంటే అక్కడికి మారితే రెండు రిపోర్టుల్ని పక్కపక్కన పెట్టి చూడలేం. రిపోర్టు మీద, ల్యాబు నాణ్యతకి గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీఎల్ గుర్తుంటే మరీ మంచిది.

ఫ్రీ టెస్టోస్టిరాన్ అని విడిగా 900 పైన తీసుకునేదానికి నేను డబ్బు పెట్టను. మామూలు ల్యాబుల్లో దాన్ని కొలిచే పద్ధతి నమ్మదగ్గది కాదు. ఈస్ట్రడయాల్ అనే ఆడ హార్మోన్ పరీక్ష కూడా అందరికీ అక్కర్లేదు. ఛాతీ మొనల దగ్గర నొప్పి, వాపు ఉంటే డాక్టరు రాస్తారు. మగవాళ్లలో అది చాలా తక్కువ మోతాదులో ఉంటుంది, మామూలు మెషిన్లు అంత చిన్న అంకెని కచ్చితంగా పట్టలేవు. అలాంటి రిపోర్టు పట్టుకుని, జిమ్ అన్న చెప్పాడని రొమ్ము క్యాన్సర్‌కి వాడే అనస్ట్రజోల్ బిళ్లలు మింగుతున్న పిల్లల్ని చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

ఆ శనివారమే మా వాణ్ని ఫిజీషియన్ దగ్గరికి, ఆయన రాసిచ్చాక హార్మోన్ల డాక్టరు (ఎండోక్రైనాలజిస్టు) దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఇంజెక్షన్లు ఆగిపోయాయి. జూన్‌లో టెస్టోస్టిరాన్ 118, ఎల్‌హెచ్ 0.3. ఆ రెండు నెలలూ వాడు మంచం దిగలేదు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పిన్నేమో గన్నవరం సంబంధం చూడ్డానికి రమ్మని పోరు. ఒకరోజు నన్ను పక్కకి పిలిచి "అక్కా, నాకు పిల్లలు పుడతారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మూడు రోజులు వీర్యం పోకుండా ఆగి సెమెన్ (వీర్యం) పరీక్షకి రమ్మన్నాను, 300 రూపాయలు. మిల్లీలీటరుకి 40 లక్షలొచ్చాయి. కనీసం కోటీ అరవై లక్షలుండాలి. కణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి వారం వారం చేయించుకోవడం వృథా అని డాక్టరు చెప్పారు. సెప్టెంబర్‌కి 90 లక్షలకి చేరింది. టెస్టోస్టిరాన్ 264, ఎల్‌హెచ్ 2.1. పీసీవీ 48కి దిగింది, హెచ్‌డీఎల్ 35కి పెరిగింది. డిసెంబర్‌లో మళ్లీ చూడాలి. పిన్నికి అన్నీ చెప్పేశాం. ఆవిడ రెండు రోజులు మాతో మాట్లాడలేదు, మూడో రోజు వాడికిష్టమని గోంగూర మాంసం వండి క్యారియర్‌తో ల్యాబుకే వచ్చింది.

పోయిన వారం వాడి జిమ్ నుంచి ఇద్దరు కుర్రాళ్లు పొద్దున ఏడుంపావుకే వచ్చారు, చేతిలో నీళ్ల సీసాలతో. ప్యాకేజీ మాటెత్తలేదు. సీబీపీ, లిపిడ్, జీజీటీతో ఎల్ఎఫ్‌టీ, క్రియాటినిన్ అని వరుసగా చెప్పారు. ఇద్దరికీ కలిపి 2,500 అయింది. ఒకడి పీసీవీ 53 వచ్చింది. రిపోర్టు ప్రింటు తీయకముందే, మధ్యాహ్నం పన్నెండుకి వాడికి ఫోన్ చేశాను.