అమ్మ మడమలకు యూరియా క్రీమ్

చలికాలం వచ్చిందంటే మా అమ్మ మడమలు ఎండిన చెరువులా నెర్రెలిస్తాయి. పరకాల దగ్గర పత్తి చేనులో ఏళ్ల తరబడి చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లు అవి. ఈసారి హన్మకొండలో చర్మం డాక్టరు యూరియా క్రీమ్ రాసిచ్చేసరికి అమ్మకు ఒకటే టెన్షన్. "చేన్ల చల్లే యూరియా కాళ్లకెట్ల పెడ్తరు బిడ్డా?"

రామగుండంలో తయారయ్యే ఎరువులో ఉన్నదీ, ఈ ట్యూబులో ఉన్నదీ ఒకటే పదార్థం. మన చర్మం పైపొరలో కూడా సహజంగా ఉంటుంది, తేమను పట్టి ఉంచుతుంది. అలాగని బస్తాలోని యూరియాను నీళ్లలో కలిపి పూసుకోవద్దు, దయచేసి. అది ఒంటికి రాసుకోవడానికి శుద్ధి చేసింది కాదు.

ట్యూబు మీద శాతం తప్పకుండా చూడండి. 5 నుంచి 10 శాతం ఉంటే పొడిబారిన చర్మానికి తేమ ఇస్తుంది. 20 నుంచి పైకి వెళ్లేకొద్దీ గట్టిపడ్డ చర్మాన్ని మెత్తబరిచి ఊడదీస్తుంది. 40 శాతమైతే డాక్టరు చెబితేనే.

అమ్మకు 20 శాతం ఇచ్చారు, మడమల వరకే. స్నానం అయ్యాక కాళ్లు తుడిచి, కాస్త చెమ్మ ఉండగానే రాస్తాను. రక్తం కనిపించే పగులును వదిలేస్తాను, అక్కడ తగిలితే భగ్గున మండుతుంది. అమ్మకు షుగర్ ఉంది కాబట్టి వేళ్ల సందుల్లో అసలు పెట్టను, పుండేమైనా పడిందా అని పాదాలు రోజూ చూస్తాను. రాశాక చేతులు కడుక్కుంటాను, కళ్లకు తగలకూడదు. పసిపిల్లలకు డాక్టరును అడగకుండా వాడొద్దు.

రాత్రి పూట రాస్తే పాత కాటన్ సాక్సులు తొడగండి, లేకపోతే బండల మీద కాలు జారుతుంది.