కుర్చీల కూసొని చేస్తే యోగా కాదట!

బీపీ 160/100 ఉన్నదని చూసి డాక్టర్ సారు గోలీ రాసిచ్చిండు. ఉప్పు తగ్గియ్యమన్నడు, పొద్దుగాల నడవమన్నడు, వీలైతే యోగా చెయ్యమన్నడు. మిషన్ తొక్కి జాకెట్లు కుట్టే పని నాది, నడుం నొప్పి ఎప్పటినుంచో ఉన్నదే. నల్లగొండల యోగా క్లాసు దొరుకుడు కష్టమేం కాలే. ఫీజు కట్టిన, చాప కొన్న.

అక్కడ ఏమైందో చెప్పే ముందు ఒక ముచ్చట. మాది మర్రిగూడ దిక్కు, బోరింగు నీళ్లు తాగి పెరిగినోళ్లం. తాగే నీళ్లల్ల ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు. మా దిక్కు బోర్లల్ల అది దాటి ఎంతో ఎక్కువ ఉండేది. నా ఈడోళ్ల పండ్ల మీద పసుపుపచ్చ గార చూస్తే తెలుస్తది. కృష్ణా నీళ్లు వచ్చినంక పుట్టిన పిల్లల పండ్లు తెల్లగున్నయ్. నా మోకాళ్లు, మెడ మాత్రం ఫ్లోరైడు ఎముకలకు పట్టి ఒక హద్దు దాటి వంగవు. ఎక్స్‌రే చూసి ఎముకల సారు చెప్పిన మాటే ఇది.

ఫంక్షన్ హాలుల అందర్నీ సుఖాసనంల కూసోమన్నడు ఆ గురువు. నా మోకాళ్లు గాల్లనే ఉన్నయ్. మైకు పట్టుకోనే నా దగ్గరికి వచ్చి, ఒక చేత్తోని నా కుడి మోకాలును కిందికి అదిమిండు. కెవ్వుమన్న. "చూడండమ్మా, బద్దకం కీళ్లల్ల పేరుకపోతే గిట్లనే ఉంటది" అన్నడు మైకులనే. హాలంత నవ్వు. "సార్, ఫ్లోరైడు" అన్న. "మనసు పెట్టి చేస్తే ఫ్లోరైడు చెమటల కారిపోతది" అన్నడు. ముఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే. ఎముకల పట్టిన ఫ్లోరైడు చెమటల కారుతదా? మా ఊర్ల నడుం వంగిపోయిన ముసలోళ్లు బద్దకస్తులా? పొద్దంత నాట్లేసి, కలుపు తీసి, బిందెలు మోసిన మనుషులు వాళ్లు.

అది చాలదన్నట్టు కపాలభాతి, అంటే పొట్ట లోపలికి గుంజుకుంట ఊపిరిని దబదబ బయటికి కొట్టుడు, మొదలువెట్టించిండు, జోరుగ. నాకు బీపీ అని చెప్తే "అందుకే చెయ్యాలె, గోలీలు కూడా బంద్ పెట్టు" అన్నడు. కండ్లు తిరిగినట్టై గోడకు ఒరిగిన. కుర్చీ అడిగితే "కుర్చీల కూసొని చేస్తే యోగా ఎట్లయితదమ్మా?" అని మళ్ల మైకులనే. గోలీ నేను బంద్ పెట్టలే, క్లాసే బంద్ పెట్టిన.

మా కాలనీల రిటైరైన టీచర్ మేడం ఒకామె ఇంటి వరండాల నేర్పిస్తది. "బిడ్డా, ముందు రిపోర్టులు తీస్కరా" అన్నది. అయి చూసినంకనే కుర్చీ ఏసింది. మెడ, భుజాలు మెల్లగ తిప్పుడు, బల్ల మీద చేతులు ఆనించి వీపు కిందికీ పైకీ వంచుడు, మోకాళ్ల కింద దిండు పెట్టి శవాసనం. ఊపిరి పీల్చినదానికన్నా విడిచేది నిదానంగ ఉండాలన్నది. అట్ల విడిస్తే గుండె దడ తగ్గుతది, నరాలు నెమ్మదిస్తయ్. సర్కారు యోగా దినంనాడు చేయించే 45 నిమిషాల ప్రోటోకాల్‌ల కూడా ఒళ్లు వదులు చేసుకున్నంకనే ఆసనాలు. ఆయనేమో నేరుగ నా మోకాలు మీద పడ్డడు!

ఇప్పుడు పెండ్లిళ్ల సీజన్ల రాత్రి దాకా కుట్టినా నడుం పట్టేస్తలేదు. పడుకుంటే నిద్ర పడుతుంది. బీపీ 130/84కు దిగింది. గోలీ మోతాదు సారే తగ్గించిండు, పూర్తిగ ఆపలే. అక్కడ నన్ను చూసి నవ్వినామె ఒకామె మొన్న జాకెట్ ఇయ్యొచ్చి, "ఏం చేసినవక్కా, మంచిగైనవ్" అని అడిగింది. మేడం ఇల్లు చూపించిన. కుట్టుకూలి మాత్రం తగ్గియ్యలే.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు దిక్కోళ్లు ముందు ఎముకల డాక్టరుకు చూపించుకున్నంకనే చాప కొనుండ్రి. బీపీ ఉన్నోళ్లు కపాలభాతి, శీర్షాసనం, ఊపిరి బిగబట్టుడు జోలికి పోవద్దు. ఇంకొకటి, ఫీజు వాపస్ అడిగితే ఆ గురువు "రసీదు ఉందా?" అన్నడు. ఇచ్చింది ఎక్కడ! పైసలు చేతుల పెట్టకముందే రసీదు అడుగుండ్రి.