పాత ఫోల్డరు పంపను

"ఏటత్తా, నీ పాత రీసెర్చ్ పేపరు ఫోల్డరు పంపీ, పేర్లు మార్చీసుకుంటాను" అని మేనల్లుడు మళ్లీ మెసేజ్ పెట్టాడు. పర్లాకిమిడిలో కరెంటు ఇప్పుడే వచ్చింది. ఈ చిరాకు దించుకోకపోతే నిద్ర పట్టదు.

పాత ఫోల్డరు కాపీ చేస్తే దాంతోపాటు పాత గ్రాంటు నంబరు, పాత కృతజ్ఞతలు, ఇంకో పత్రిక ఎడిటరు పేరున్న కవరింగ్ లెటరూ వచ్చేస్తాయి. అన్నీ నిండుగానే ఉంటాయి కాబట్టి కన్ను వాటి మీద ఆగదు. అందుకే పేపర్లను పీడీఎఫ్‌గా పేర్చే లేటెక్ సాఫ్ట్‌వేర్‌లో వాడికో టెంప్లేటు కట్టాను. అది ఖాళీగా ఉండాలి, నింపని చోటల్లా పీడీఎఫ్‌లో ఎర్రగా 'నింపాలి' అని పడాలి. మెయిన్ ఫైలులో క్లాసు (పేజీ రూపం), ప్యాకేజీలు (అదనపు సౌకర్యాలు), విడి ఫైళ్లను లాక్కొచ్చే ఇన్‌పుట్ లైన్లు చాలు. రాసేదంతా విడి ఫైళ్లలో ఉంటే పత్రిక మారినప్పుడు ముట్టుకోవలసింది చాలావరకు ఆ ఒక్క మెయిన్ ఫైలునే. ప్యాకేజీల్లో లింకులు పెట్టే హైపర్‌రెఫ్ చివరికి, బొమ్మల, పట్టికల నంబర్లను ప్రస్తావించే క్లెవర్‌రెఫ్ దాని తర్వాత. తిరగబడితే ఎర్రరు.

బొమ్మలు కాలమ్ వెడల్పుకే, అంటే సుమారు 3.5 అంగుళాలకే గీయాలి. 10 అంగుళాలకు గీసి కుదిస్తే 8 పాయింట్ల అక్షరం 3 పాయింట్ల లోపుకి పడిపోతుంది. గ్రాఫులు గీసే మాట్‌ప్లాట్‌లిబ్‌లో ఫాంట్‌టైప్ 42 పెట్టాలి. వదిలేస్తే టైప్ 3 అనే రకం ఫాంట్లు ఎక్కుతాయి, పత్రికలు వేసే ఐట్రిపుల్‌ఈ సంస్థ తనిఖీలో పీడీఎఫ్ వెనక్కొస్తుంది. ఫైలు పేర్లన్నీ చిన్నక్షరాల్లో, ఖాళీలు లేకుండా. విండోస్‌కు పెద్దక్షరం, చిన్నక్షరం ఒకటే, లినక్స్ సర్వరుకు కాదు.

అన్నిటికన్నా విసిగించింది బిబ్ ఫైలు, అంటే రిఫరెన్సుల చిట్టా. ఒకప్పుడు డిపార్ట్‌మెంటంతా వాడిన ఉమ్మడి ఫైలొకటి ఉండేది, అందులో రచయితల మధ్య కామాలే. ఆ చిట్టాను చదివి రిఫరెన్సులు పేర్చే బిబ్‌టెక్ మనుషుల్ని విడదీసేది 'అండ్'తో మాత్రమే. దాని లెక్కలో కామాకు ముందున్నది ఇంటిపేరు, తర్వాతది పేరు. నలుగురుంటే 'టూ మెనీ కామాస్' అని లాగ్‌లో అరుస్తుంది, అది నయం. ఇద్దరే ఉంటే కిక్కురుమనకుండా రెండో మనిషిని మొదటాయన పేరులో కలిపేస్తుంది. అలా సగం మంది సహరచయితలు ఇనీషియల్స్ అయిపోయారు. కామా లేకపోతే చివరి మాటే ఇంటిపేరు, అంటే మన గిడుగు రామమూర్తి గారు 'జి. రామమూర్తి'.

అందుకని టెంప్లేటులో 'ఇంటిపేరు ముందు, కామా, తర్వాత పేరు' అని రూలు రాశాను. రాశాక యల్లాప్రగడ సుబ్బారావు గారు అడ్డొచ్చారు. ఆయన 1925 నాటి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి లోకమంతటికీ ఫిస్క్–సుబ్బారో పద్ధతే, యల్లాప్రగడ అని వెతికేవాడెవడు? గిడుగు వారి 1931 సవర భాష పుస్తకం మీద ఉన్నదీ జి.వి. రామమూర్తే. రూలు కొట్టేశాను. అచ్చయిన ప్రచురణ మీద పేరెలా ఉంటే అలాగే, కామా మాత్రం సరైన చోట.

కుకీకటర్ అనే టూల్‌తో ప్రశ్నలడిగి ఫోల్డర్లు కట్టించాలనీ అనుకున్నాను. ఏడాదికి రెండు పేపర్లు రాసే ఇంటికి అంత హంగామా ఎందుకు, ఫైళ్లు పెట్టి పంచుకునే గిట్‌హబ్‌ సైటులో టెంప్లేటుగా టిక్ పెడితే సరి. ఒక్కటి మాత్రం ముచ్చటగా కుదిరింది: లెక్కలు కట్టే స్క్రిప్టు సగటులూ శాతాలూ లేటెక్ చదివే ఒక టెక్ ఫైలులోకి రాస్తుంది, డేటా మారితే సారాంశంలో అంకె కూడా దానంతటదే మారుతుంది.

వాడికి రేపు టెంప్లేటు లింకు పంపుతాను. ఒక్క వాక్యమైనా రాయకముందే ఖాళీ టెంప్లేటు మీద పీడీఎఫ్ తయారుచేసే లేటెక్‌ఎంకే కమాండు ఒకసారి నడపమనాలి, అప్పుడే ఎర్రరొస్తే తప్పు వాడి మెషీన్‌దే. కవరింగ్ లెటరు మాత్రం అందులో పెట్టను, రాసుకోనీ.