బెంచీ ఎత్తు, నీళ్ల సీసా

శుక్రవారం, రాత్రి

ఈరోజు బడిలో బాబు గురించి మీటింగ్ జరిగింది. హెచ్‌ఎం మేడం, మూడో తరగతి టీచరు, భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే కేంద్రం) నుంచి ఐఈఆర్‌పీ సార్ (అలాంటి పిల్లల చదువుకి సాయపడే టీచరు), ఫిజియోథెరపీ మేడం, నేను. ఆయనకి డ్యూటీ పడి రాలేకపోయారు.

బాబుకి సెరిబ్రల్ పాల్సీ. నడక తడబడుతుంది, వేళ్లకి పట్టు తక్కువ. "పాఠం బాగానే అప్పజెబుతాడమ్మా, రాతే సాగట్లేదు" అంది టీచరు. ఇంట్లో నేల మీద గోడకి ఆనుకుని కూర్చుంటే బాగానే రాస్తాడని చెప్పాను. ఫిజియో మేడం లేచి తరగతిలోకి వెళ్లి, వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి చూసింది. కాళ్లు నేలకి అందడం లేదు! పాదాలు ఆనకపోతే నడుం నిలవదు, నడుం నిలవకపోతే చెయ్యి కుదరదు అంది. ఓ చెక్కపెట్టె వెతికి కాళ్ల కింద పెట్టాం. పెన్సిలు జారకుండా తన పేరు రాసుకున్నాడు, వంకరగానే అయినా.

నేను ముఖ్యంగా అడగాలనుకున్నది నీళ్ల సంగతి. పొద్దున నింపి పంపిన సీసా సాయంత్రం నిండుగానే తిరిగొస్తోంది. బాత్‌రూంకి వెళ్లాల్సొస్తుందని వాడు నీళ్లే తాగడం లేదు. పాపం టీచరుకి ఆ సంగతే తెలీదు, ముఖం చిన్నబోయింది. బాబు కోసం రాస్తున్న ప్లాను కాగితంలో "టాయిలెట్ అలవాటు మెరుగుపరచాలి" అని రాయబోతే నేను ఒప్పుకోలేదు. అలవాటు వాడికి ఉంది, పట్టుకోవడానికి కడ్డీయే లేదు. చివరికి ఇంటర్వెల్ బెల్లుకి కాస్త ముందే, రద్దీ లేనప్పుడు, ఆయా తీసుకెళ్లాలని రాశారు.

కడ్డీ మాట వచ్చేసరికి "గ్రాంటు రానివ్వండి, చూద్దాం" అన్నారు హెచ్‌ఎం మేడం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం పిల్లల అవసరాన్ని బట్టి బడే ఏర్పాట్లు చెయ్యాలని ఐఈఆర్‌పీ సార్ నెమ్మదిగా గుర్తుచేశారు. అదే మాట నేనంటే గొడవకొచ్చానని అనుకునేవాళ్లు. దసరా సెలవుల్లో బిగించాలని కాగితంలో రాసి సంతకాలు పెట్టాం. జిరాక్సు నా దగ్గర ఉంది.

మధ్యాహ్న భోజనం వాడు తనంతట తనే స్పూనుతో తినాలన్నారు, ఇంట్లోనూ అంతేనట. అత్తయ్యకి ఈ మాట చెప్పాలి. మనవడు ఒలకబోసుకుంటుంటే ఆవిడ చూస్తూ ఉండలేక ముద్దలు కలిపి పెట్టేస్తుంది. ఆదివారం ఆయన ఉన్నప్పుడు చెబుతా, కొడుకు మాటైతే కాస్త వింటుంది.